పావు కిలో కొనేవాళ్ళ ఊరు



మా అమ్మ ఏదీ కిలో కొనేది కాదు. ఇంట్లో తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం. అయినా లడ్డూ పావు కిలో, కాఫీ పొడి నూటయాభై గ్రాములు, పప్పునూనె అరలీటరు. కోనేరు సెంటరు దాకా నన్ను నడిపించుకుని వెళ్ళి, అరచేతిలో పట్టే పొట్లంతో వెనక్కి వస్తుంటే చిన్నతనంలో నాకు నామోషీగా ఉండేది. ఒకరోజు అడిగేశాను. “ఒకేసారి కిలో తీసుకుంటే మళ్ళీ మళ్ళీ రానక్కర్లేదు కదమ్మా?” అని. “మళ్ళీ రావడానికే పావు కిలో” అంది. “బాగోలేదనుకో, కిలో తెచ్చుకుంటే నెల్లాళ్ళూ అదే తినాలి. పావు కిలో అయితే ఎల్లుండే వెళ్ళి చెప్పొచ్చు.”

ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఎల్లుండి గురించే.

మాది బందరు. కాగితాల మీద మచిలీపట్నం. బందరు అన్నది పారశీక మాట, రేవు అని అర్థం. రేవు ఊరు కాబట్టి ఎవరెవరో వచ్చారు, పేటల పేర్లలో మిగిలిపోయారు. హాలండు వాళ్ళున్న చోటు వలందపాలెం, ఫ్రెంచివాళ్ళున్న చోటు పరాసుపేట, ఇంగ్లీషువాళ్ళది ఇంగ్లీషుపాలెం. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఈ ఊళ్ళోనే. ఇంత చరిత్ర ఉన్నా ఊరు పెద్దగా పెరగలేదు. 2011 జనాభా లెక్కల నాటికి లక్షా డెబ్భై వేలకు కాస్త అటూ ఇటూ. జిల్లా కేంద్రమే అయినా, ఒక పేటలో ఉన్నవాళ్ళకి ఇంకో పేటలో ఎవరి కొట్టు ఎక్కడో తెలిసే పాటి ఊరు.

ఈ ఊరి లడ్డూ కూడా ఎక్కడినుంచో వచ్చిందే. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వలస వచ్చిన బొందిలీలు ఈ మిఠాయిని తెచ్చారని మా వాళ్ళు చెప్పుకుంటారు. వచ్చినప్పుడు అది ఎలా ఉండేదో గానీ, ఇక్కడికొచ్చాక బెల్లంతో జత కట్టి బందరుదైపోయింది.

దీన్ని మేం తొక్కుడు లడ్డూ అంటాం. ఆ పేరులోనే పనంతా ఉంది. బూందీ లడ్డూకి పూస తీసి పాకంలో వేసి ఉండ కడితే సరిపోతుంది. దీనికి అలా కాదు. శనగపిండి కలిపి లావుపాటి పూసగా ఒత్తి వేయిస్తారు. ఆ పూస చల్లారాక దంచుతారు. దంచినదాన్ని జల్లెడ పడతారు. జల్లెడలో మిగిలిన పలుకుల్ని మళ్ళీ దంచుతారు. ఒక పక్క బెల్లం పాకం కాగుతూ ఉంటుంది. పిండీ పాకమూ కలిపాక మళ్ళీ తొక్కుడు మొదలు. నెయ్యి పోస్తూ, ముద్దంతా ఒకటయ్యేదాకా. ఏలకులు, జీడిపప్పు, పటిక బెల్లం పలుకులు చివర్లో పడతాయి. పిండిలో ఒక్క పలుకు కూడా పంటికి తగలకుండా నాలుక మీదే కరిగిపోతోందంటే, దాని వెనకాల ఎవరి భుజాలో నొప్పి పుట్టాయని అర్థం. ఇప్పుడు కొన్ని చోట్ల మరలు వచ్చాయి. పాకం మాత్రం ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉంది. లేతగా దించితే ఉండ నిలవదు, రెండో రోజుకే చదునైపోతుంది. ఒక్క నిమిషం ముదిరితే పన్ను దిగదు. వర్షాకాలం బెల్లం వేరు, ఎండాకాలం బెల్లం వేరు. గాలిలో తేమను పీల్చుకునే గుణం బెల్లానిది. అందుకని శ్రావణ మాసంలో పాకం పట్టే ఆయన ముఖంలో వేసవిలో లేని ఆలోచన కనబడుతుంది.

దీని పక్కనే నల్ల హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను కదపకుండా తేరనిచ్చి, పైన తేలిన నీళ్ళు వంపేస్తారు. అడుగున మిగిలిన చిక్కటి పాలను బెల్లంతో, నేతితో గంటలకొద్దీ కలియబెడతారు. పోసిన నెయ్యంతా పీల్చుకుని, మళ్ళీ ఆ నెయ్యిని బయటికి వదిలినప్పుడు దించాలి. నలుపు ఆ బెల్లానిదీ ఆ ఓపికదీ.

ఇలాంటి పదార్థం తయారైన చోటే అమ్ముడుపోవడంలో ఒక విశేషం ఉంది. చేసినవాడికీ తినేవాడికీ మధ్య ఒక్క గల్లాపెట్టె మాత్రమే అడ్డం. నాకు జరిగిన సంగతే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి హైదరాబాదులో మా ఆడపడుచు వాళ్ళకి పంపుదామని ఒక కొట్టులో లడ్డూ కొన్నాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే సన్నగా సిక్కు వాసన. పండగ రోజుల్లో గొడవెందుకని ఊరుకోవాలనిపించింది. మా అమ్మ ఊరుకోనివ్వలేదు. డబ్బా పట్టుకుని వెళ్ళాను. యజమాని వాదన పెట్టుకోలేదు. ఒక ఉండ విరిచి వాసన చూశాడు, నోట్లో వేసుకున్నాడు, లోపలికి కేకేశాడు. పాకం పట్టే పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయనా రుచి చూశాడు. “నెయ్యి కాదండీ, పిండి. పాత బస్తాలో పిండి” అన్నాడు. గిరాకీ ఎక్కువై, అడుగున మిగిలిన బస్తా విప్పారట. ఆ పూట పళ్ళేల్లో పేర్చిన లడ్డూ అంతా నా కళ్ళ ముందే తీయించేశారు. నాకు వేరే డబ్బా ఇచ్చారు. నాకు మనసులో నిలిచింది ఆ రెండో డబ్బా కాదు. తప్పు పిండిలో ఉందని పావుగంటలో తేలిపోవడం. చేసిన చెయ్యి, అమ్మిన చెయ్యి, కొన్న చెయ్యి ఒకే చోట ఉన్నాయి కాబట్టి తేలింది. దూరాన ఎక్కడో తయారై అందమైన కాగితంలో చుట్టి వచ్చిన మిఠాయి విషయంలో నేనెవరికి చెప్పుకోను? దాని మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు దగ్గర కూర్చున్న అమ్మాయి పాపం ఆ మిఠాయిని ఎన్నడూ తిని ఉండదు.

అందుకే నేననేది, బందరు లడ్డూ రుచిని ఇన్నేళ్ళూ కాపాడింది వండినవాళ్ళు ఒక్కళ్ళే కాదు. పావు కిలో కొని, ఎల్లుండి వచ్చి, “ఈసారి కాస్త ముదిరిందండీ” అని మొహం మీద చెప్పినవాళ్ళు కూడా.

2017లో బందరు లడ్డూకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రోజు మాకు పండగే. ఆ గుర్తింపు వల్ల జరిగేదేమిటో మాత్రం సరిగ్గా తెలుసుకోవాలి. దీనికి సంబంధించిన చట్టం 1999లో వచ్చింది, 2003 నుంచి అమల్లో ఉంది. ఈ హక్కు ఒక వ్యక్తిదీ ఒక కంపెనీదీ కాదు, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారుచేసే వాళ్ళందరిదీ. ఇంకెక్కడో చేసినదానికి బందరు పేరు పెట్టి అమ్మితే అడ్డుకునే వీలు కలుగుతుంది. పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇదంతా పేరుకు కాపలా. పేరుకు కాపలా కావలసిందే, దాని కోసం పాటుపడినవాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ ఏ చట్టమూ ఇవాళ పొద్దున దించిన పాకాన్ని నోట్లో వేసుకుని చూడలేదు. అది ఊళ్ళోవాళ్ళే చెయ్యాలి.

గోదావరి అవతల ఆత్రేయపురం పూతరేకులకి ఈ గుర్తింపు 2023లో వచ్చింది. అక్కడ ఇంకో రకం అమరిక. రేకు తీసేది ఇళ్ళల్లో, ఎక్కువగా ఆడవాళ్ళు. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దాని మీదుగా ఒక్కసారి లాగుతారు. ఆ గుడ్డ దాటీ దాటకముందే రేకు లేచి ఉంటుంది. కాగితం కన్నా పల్చన. ఆ మంట ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. చిరిగినవి పక్కకి. ఆ తీసిన రేకులు కొట్లకు చేరితే, అక్కడ నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి చుడతారు. ఆ ఊరు వెళ్ళినప్పుడు రేకు ఎవరింట్లో తీశారని అడగండి. మంచి కొట్టువాళ్ళు సంతోషంగా చెబుతారు. ఆ ప్రశ్న వేసేవాళ్ళు నలుగురుంటే పొగలో కళ్ళు మండించుకుంటున్న ఆ చేతులకి ఒక పేరంటూ ఉంటుంది.

మళ్ళీ మా ఊరికే వస్తాను. మిఠాయి పేరు దేశమంతా తెలుసు కాబట్టి దాని గురించి అందరూ మాట్లాడతారు. నాకు ఇంకో మూడు కొట్లంటే అంతే ప్రేమ.

ఒకటి కాఫీ గింజలు వేయించి పొడి కొట్టే కొట్టు. సందు మొదట్లోనే వాసన చెబుతుంది తెరిచారో లేదో. అక్కడ “కాఫీ పొడి ఇవ్వండి” అంటే ఎవరూ ఇవ్వరు, ముందు ప్రశ్నలు. పీబెర్రీ గింజ ఎంత, ప్లాంటేషన్ గింజ ఎంత? చికోరీ వెయ్యాలా, వద్దా? ఫిల్టరు ఇత్తడిదా, స్టీలుదా? చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. డికాక్షన్‌కి రంగూ చిక్కదనమూ ఇస్తుంది, కాఫీ మాత్రం కాదు. కాఫీ చికోరీ కలిపి అమ్మేదాంట్లో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదని నియమం. అంటే సగానికి కాస్త తక్కువగా చికోరీ ఉండొచ్చన్నమాట. పాకెట్ మీద ఆ లెక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ. ఈ కొట్టులో ఆ లెక్క మీ నోటితో మీరే చెబుతారు. పదికి రెండు అంటే రెండే, మీ కళ్ళ ముందే తూచి మరలో పోస్తారు. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఈ కొట్టుకి మూడు నెలలు తిరిగితే తన ఇంటి కాఫీ ఏదో తనకి తెలిసిపోతుంది.

రెండోది గానుగ. ఎడ్ల గానుగ నా చిన్నప్పుడే కరువైపోయింది. ఇప్పుడు తిప్పేది మోటారు. చెక్క రోలు, చెక్క రోకలి మాత్రం ఉన్నాయి. నువ్వుల నూనెని మేం పప్పునూనె అంటాం. ఆవకాయ రోజుల్లో, అంటే మే నెలలో, గానుగ దగ్గర పొద్దున్నే జనం. మా అమ్మ నూనె కొనడానికి ముందు నువ్వులు చూపించమనేది. పిడికెడు తీసుకుని ఊది, నాలుగు నమిలేది. చేదు తగిలితే కొనేది కాదు. గానుగాయన కూడా ఏమీ అనుకునేవాడు కాదు, “ఈ మాటు వానకు తడిసిన సరుకమ్మా, వచ్చే వారం రండి” అని తనే చెప్పిన రోజులున్నాయి. తీసిన నూనె రెండు మూడు రోజులు కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకి దిగుతుంది, పైన తేటను ఆవకాయకి వాడుకోవాలి. ఈ ముక్క ఏ సీసా మీదా రాసి ఉండదు, గానుగాయనే చెప్పాలి. నూనె పోగా మిగిలిన తెలగపిండిని చిన్న పొట్లం కట్టి కొసరుగా ఇచ్చేవాడు. మునగాకు, తెలగపిండి కలిపి వండిన కూర తిననివాళ్ళకి ఏం చెప్పినా తెలియదు, తిన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మూడోది కొట్టు కూడా కాదు, ఒక గోనెపట్టా. గిలకలదిండి రేవు దగ్గర నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్ళు ఊళ్ళో సంతలో కూర్చుంటారు. నెత్తళ్ళు, రొయ్యపొట్టు, సొర ముక్కలు. వాళ్ళకున్నంత సరుకు పరిజ్ఞానం చాలామంది పెద్ద వ్యాపారులకి ఉండదని నా నమ్మకం. ఏవి ఇసకలో ఎండాయి, ఏవి వల మీదో తట్టల మీదో ఎండాయి, ఉప్పు పట్టించినవి ఏవి, ఉప్పు లేకుండా ఎండబెట్టినవి ఏవి, అన్నీ చెబుతారు. “ఇవి వేణ్ణీళ్ళలో పావుగంట ఉంచమ్మా, అప్పుడు వంకాయలో వెయ్యి” అని వంట కూడా చెప్పి పంపుతారు. రెండు రోజులు ముసురు పట్టి సరుకు మెత్తబడితే ధర తామే తగ్గిస్తారు. వీళ్ళకి బోర్డు లేదు, గుర్తింపు లేదు, ఎండకి నీడ కూడా లేదు. చిన్న ఊళ్ళలో ప్రత్యేకమైన తిండి అమ్మేవాళ్ళ గురించి రాసేటప్పుడు అద్దాల బీరువాల వెనకాల ఉన్నవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటే, ఈ అమ్మలకి అన్యాయం చేసినట్టే.

మన ఊరి కొట్టు కదా అని అన్నీ మంచివే అనను. నాకు కోపం తెప్పించే పనులు ఉన్నాయి. అట్టపెట్టెతో కలిపి మిఠాయి తూచడం ఒకటి. తూనికలు కొలతల చట్టం ప్రకారం అది తప్పు. పెట్టె బరువు తీసేసి సరుకును మాత్రమే తూచాలి. పెట్టె చాలా తేలికే కదా అనుకోకండి, నెయ్యి మిఠాయి ధర పెట్టి అట్ట కొనుక్కున్నట్టు అవుతుంది. కాటా మీద ముందు ఖాళీ పెట్టె పెట్టి సున్నా చేయమని అడగండి. సిగ్గుపడకండి. రెండోది తేదీ. 2020 అక్టోబరు 1 నుంచి, విడిగా అమ్మే మిఠాయి పళ్ళేల దగ్గర కూడా ఎప్పటిలోగా తినాలో రాసి పెట్టాలని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. కొన్ని చోట్ల సుద్దముక్కతో రాసిన ఆ అంకె నెల్లాళ్ళయినా మారదు. మూడోది నెయ్యి పేరు చెప్పి వనస్పతి కలపడం. ఒక ముక్క నోట్లో వేసుకుంటే నెయ్యి కరిగి జారిపోతుంది, వనస్పతి అంగిలికి మైనంలా అంటుకుంటుంది. నాలుకకి తెలిసే తేడా ఇది. ఇక్కడ కూడా అడిగేవాళ్ళుంటేనే కొట్టు సరిగ్గా నడుస్తుంది. ఊరివాడే కదా అని మొహమాటపడితే ఆ మొహమాటమే ఊరి రుచిని పాడుచేస్తుంది.

ఇంకో భయం ఉంది నాకు. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మా ఊళ్ళో ముగుస్తుంది. బెజవాడ నుంచి డెబ్భై కిలోమీటర్ల ప్రయాణం. సముద్రం చూద్దామని కార్లలో వచ్చేవాళ్ళు పోతూ పోతూ ఐదేసి డబ్బాలు కొంటారు. అమెరికాలో ఉన్న పిల్లలకి పార్సెళ్ళు వెళ్తాయి. ఆ వ్యాపారం మంచిదే, ఎంతోమందికి కూడు పెడుతోంది, పోవాలని ఎవరు కోరతారు? కానీ ఐదు డబ్బాలు కొన్నాయన ఎల్లుండి రాడు. వచ్చే ఏడు కూడా రాకపోవచ్చు. న్యూజెర్సీలో లడ్డూ విరిచిన పిల్లాడు “ఈసారి పాకం ముదిరింది” అని ఎవరికి చెబుతాడు? వాడికి బందరు వాసన వస్తే చాలు. కొట్టు అలాంటివాళ్ళ కోసమే చేయడం మొదలుపెడితే, నిలవ ఉండటమే గుణం అవుతుంది, మెరుపే నాణ్యం అవుతుంది. ఉండ గట్టిబడుతుంది, ఎందుకంటే గట్టిది విమానంలో విరగదు. ఒక పక్క ఐదు డబ్బాల బేరం, ఒక పక్క పావు కిలో బేరం ఉన్నప్పుడు యజమాని ఎటు చూస్తాడు? పావు కిలో వాళ్ళు తరచుగా వెళ్తేనే ఇటు చూస్తాడు. వాళ్ళు మానేసి ఇంట్లో కూర్చుని ఫోనులో పెద్ద కంపెనీ డబ్బాలు తెప్పించుకుంటే, అతన్ని తప్పుపట్టే హక్కు మనకి ఉండదు.

ధర ఎక్కువంటారు. నిజమే. మంచి నెయ్యి పోసి, నాలుగుసార్లు దంచి, జల్లించినదాని ధర చవకగా ఉండదు, చవకగా ఉంటే అనుమానించాలి. అయినా పావు కిలో కొనగలిగినవాళ్ళు చాలామందే ఉన్నాం. మా పనిమనిషి శ్రావణ శుక్రవారానికి నూరు గ్రాములు కొంటుంది. నూరు గ్రాములంటే రెండు మూడు ఉండలు. ఆమెకి కూడా కొట్టువాళ్ళు కొసరు పెడతారు, చిటికెడు పొడి కాగితంలో. ఆమెకది ఎంత ముఖ్యమో నేను చూశాను.

అమ్మకి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. కోనేరు సెంటరు దాకా నడవలేదు. నేను వెళ్తున్నాను. మొన్న మధ్యాహ్నం మూడింటికి వెళ్ళేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది. లోపల తొక్కుడు జరుగుతోంది. చప్పుడు బజారులోకి వినబడుతోంది. “పది నిమిషాలు కూర్చోండమ్మా, ఉండ చుట్టడమే” అన్నాడు గల్లా దగ్గర కుర్రాడు. పాకం పట్టే పెద్దాయన లోపలినుంచి వచ్చాడు. ముద్దలోంచి గోరంత తీసి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. నోట్లో వేసుకున్నాను. ఏమీ అనకుండా నా మొహం చూస్తూ నిలబడ్డాడు. “ఇంకో గరిటెడు నెయ్యి పడాలేమోనండీ” అన్నాను. ఆయన కూడా కొంచెం నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం ఆగాడు. తల ఊపి లోపలికి వెళ్ళాడు. నేతి డబ్బా మూత తీసిన చప్పుడు నాకు వినబడింది.